గురుగ్రహము రెండవ సూర్యుడు కాగలదా?

రాత్రివేళ చేనికి నీరు పెట్టు రైతునకు, మినుకుమినుకుమనక నిలుకడగా వెలుగు గురుగ్రహము చిరపరిచితము. ఆ గ్రహమంతయు వాయుమయమనియు, ఎన్నడో యొకనాడు అంటుకొని భూమిని మాడ్చివేయుననియు అప్పుడప్పుడు వదంతులు పుట్టుచుండును. గ్రామమున ఇట్టి మాట లేచినపుడు ప్రజలు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము. కావున ఇందలి నిజానిజములను వారి ముందుంచుచున్నాము.

గురుగ్రహము వ్యాసమున భూమికి 11 రెట్లు, ద్రవ్యరాశిలో 318 రెట్లు పెద్దది. అందు అధికభాగము ఉదజని. తక్కినది చాలవరకు హీలియము. సూర్యుడును ముఖ్యముగా ఈ రెండు పదార్థములతోనే యేర్పడినాడు. సందేహమునకు మూలమిదియే.

మంట యెట్లు పుట్టును?

గోబరుగ్యాసు పొయ్యిని చూడుడు. గొట్టములో నున్నంతసేపు ఆ వాయువు మండదు. వెలుపలి గాలిలోని ప్రాణవాయువుతో కలిసినపుడే మండును. గురుగ్రహమున విడిగా నున్న ప్రాణవాయువు దాదాపు లేదు. కావున అక్కడి ఉదజని పొయ్యివలె అంటుకొనుట అసంభవము.

సూర్యుని వెలుగు ఇట్టి మంట కాదు. ఆతని గర్భమున సుమారు 1.5 కోట్ల డిగ్రీల వేడిమి గలదు. ఆ వేడిమిలో, పైనున్న పదార్థపు బరువునకు నలిగి, ఉదజని పరమాణు కేంద్రములు ఒకటితో నొకటి కలిసి హీలియముగా మారుచున్నవి. అందుండి పుట్టు శక్తియే మనకు ఎండ. గురుగ్రహ గర్భమున వేడిమి 20,000 డిగ్రీల ప్రాంతము మాత్రమే.

బరువు చాలదు

గురుగ్రహము వంటివి సుమారు 80 ఒకచోట చేరిననే నక్షత్రము కాగలదు. అంతకు తక్కువ బరువుగల, నక్షత్రము కాజాలని గోళములు ఉండవచ్చునని భారత సంతతి శాస్త్రజ్ఞుడు శివ్ కుమార్ 1963లో గణించి చూపెను. 1995లో అట్టివి ఆకాశమున నిస్సందేహముగా కనుగొనబడినవి. మన గురుగ్రహము వానికంటెను ఎంతో చిన్నది. తక్కిన యేడు గ్రహములను కలిపినను అందు సగమైనను కావు. ఇక కొరవడిన బరువు ఎచ్చటినుండి వచ్చును?

సూర్యుని నుండి పొందు వేడికంటె ఎక్కువ వేడిని గురుగ్రహము వెలువరించుట నిజమే. అది చాలవరకు పుట్టుకనాటి వేడి. కుంపటి చల్లారునట్లు ఆ గ్రహము మెల్లగా చల్లారుచున్నదే కాని, రాజుకొనుట లేదు.

కనులయెదుట జరిగిన పరీక్షలు

1994 జూలైలో షూమేకర్–లెవీ తోకచుక్క ముక్కలై గురుగ్రహముపై బడెను. ప్రపంచములోని అణ్వాయుధములన్నిటికంటె ఎన్నో రెట్లు అధికమైన శక్తి వెలువడెను. కొన్ని నెలలు నల్లని మచ్చలు కనబడి, పిదప మాసిపోయెను. 2003 సెప్టెంబరు 21న ప్లుటోనియముతో కూడిన గెలీలియో అంతరిక్షనౌకను ఆ గ్రహముననే పడవేసినపుడు, అది అంటుకొనునని కొందరు భయపడిరి. ఏమియు జరుగలేదు.

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి వలన ప్రళయము వచ్చునని దేశమున పలువురు భయపడిన సంగతి పెద్దలు నేటికిని చెప్పుదురు. ఆ దినములు గడచినవి. సూర్యుడు యథాప్రకారము ఉదయించెను. భయము తెలియమి నుండి పుట్టును. ఆ భయము పేరిట ధనము వ్యయము చేయువారును, పొలము పనులు మానుకొనువారును ఉందురు. ఇట్టి వదంతి గ్రామమునకు వచ్చిననాడు, సభ్యులు రచ్చబండయొద్ద పదిమందిని కూర్చుండబెట్టి, గోబరుగ్యాసు పొయ్యిని ఉదాహరించి ఈ విషయమును విశదపరచవలెనని మా మనవి.