మారిషస్ ద్వీపంలో తెలుగు దీపం

మానవ జీవనయాత్రలో వలస అనాదిగా సాగుతున్నదే. బతుకుతెరువు కోసం కొందరు, విద్య కోసం కొందరు, వాణిజ్యం కోసం మరికొందరు కన్న నేలను విడిచి దూరతీరాలకు తరలిపోతూనే ఉన్నారు. వెళ్లిన చోట కూడు, గూడు సంపాదించుకోవడం వలస వెళ్లిన వారి తొలి సమస్య. అది తీరిన తరువాత మరొక ప్రశ్న ఎదురవుతుంది. తాము ఎవరు? తమ సంతానం ఏ భాషకు, ఏ సంస్కృతికి వారసులుగా పెరగాలి? ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పిన వారిలో మారిషస్ తెలుగువారు ముఖ్యులు.

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న ద్వీపం. 1810లో అది ఫ్రెంచివారి నుండి బ్రిటిష్ వారి వశమైంది. 1835లో అక్కడ బానిసత్వం రద్దు కానుండడంతో చెరకు తోటల యజమానులకు పనివారి కొరత ఏర్పడే పరిస్థితి వచ్చింది. ఆ లోటును పూరించడానికి భారతదేశం నుండి ఒప్పంద కూలీలను రప్పించే పద్ధతి మొదలైంది. 1834 నవంబరు 2న 36 మంది కూలీలతో 'అట్లాస్' అనే ఓడ ఆ తీరాన్ని చేరింది. ఆ తరువాత 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ ద్వీపంలో అడుగుపెట్టారు. వారిలో బిహారు ప్రాంతపు భోజ్‌పురీ భాషీయులు అధికులు. తమిళులు, మరాఠీలు, తెలుగువారు తక్కువ సంఖ్యలో ఉండేవారు.

తెలుగువారిలో పలువురు ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాలకు చెందినవారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుండి కొందరు, మద్రాసు నుండి మరికొందరు ఓడలెక్కారు. రేవు పేరును బట్టి విదేశాలలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచే అలవాటు ఏర్పడింది. జాతి పేరు, భాష పేరు మరుగునపడి, ఓడ ఎక్కిన రేవే వారికి గుర్తింపు కావడం ఆనాటి దైన్యానికి నిదర్శనం.

రాజధాని పోర్ట్ లూయీలో ఓడ దిగిన కూలీలు పదహారు మెట్లు ఎక్కి వలస కేంద్రంలోకి ప్రవేశించేవారు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్యను కేటాయించి దస్తరాలలో నమోదు చేసేవారు. అధికారులు తమకు వినబడినట్లుగా పేర్లు రాసుకోవడంతో అవి వికృతమయ్యేవి. తాతల నాటి వ్యక్తినామాలే క్రమంగా మనుమల ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. ఒప్పందం సాధారణంగా అయిదేళ్లు. మగవారికి నెలకు అయిదు రూపాయల వేతనం, కొంత తిండి సామగ్రి లభించేవి. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలిని కోసివేసేవారు. అటువంటి జీవితంలో భాషను, ఆచారాన్ని నిలుపుకోవడం సులభసాధ్యం కాదు.

అయినా వారు నిలుపుకున్నారు. తోటలలో పగలంతా శ్రమించి, రాత్రివేళ దీపం వెలిగించి రామభజనలు చేసేవారు. అక్షరజ్ఞానం లేని వారి నోట కూడా తెలుగు పాట జీవించింది. సింహాచలం కొండపై వెలసిన వరాహ నరసింహస్వామిని సింహాద్రి అప్పన్నగా కొలిచే ఆచారాన్ని వారు సముద్రం దాటించారు. అమ్మోరు పండుగ కూడా వారి వెంట వచ్చింది. గ్రంథాలయాలు గాని, పండితుల అండ గాని లేని ఆ శ్రామికులకు పాటయే పాఠశాల, పండుగయే పాఠ్యగ్రంథం అయినవి.

అయితే భక్తి మాత్రమే భాషను కలకాలం కాపాడలేదు. అందుకు సంఘటిత కృషి అవసరమని తరువాతి తరాలు గ్రహించాయి. 1940ల దశకంలో మారిషస్ ఆంధ్ర మహాసభ ఆవిర్భవించింది. 1968 మార్చి 12న మారిషస్ స్వాతంత్ర్యం పొందింది. 1970లో మోకా పట్టణంలో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థ భారతీయ భాషల బోధనకు కేంద్రమైంది. నాటి వలసదారుల దస్తరాలు నేటికీ ఆ సంస్థలోనే భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు ఐచ్ఛిక విషయంగా చోటు సంపాదించింది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినమైంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు మారిషస్ ఆతిథ్యమిచ్చింది. కూలీలు ఎక్కిన మెట్లున్న వలస కేంద్రాన్ని 'ఆప్రవాసీ ఘాట్' పేరిట 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఒకనాడు అవమానానికి గుర్తుగా ఉన్న చోటు నేడు మనుమలు తలయెత్తుకొని నిలిచే స్థలమైంది.

ఇక్కడ ఒక సత్యాన్ని విస్మరించరాదు. నేడు మారిషస్‌లోని అధికసంఖ్యాక తెలుగు కుటుంబాలలో ఇంటిభాష తెలుగు కాదు, క్రియోల్. ఇరుగుపొరుగుతోనూ, సంతలోనూ ఆ భాషయే నడుస్తుంది. ఉద్యోగానికి ఆంగ్లం, ఫ్రెంచి భాషలు అవసరమవుతాయి. కనుక అక్కడి బాలలు తెలుగును తల్లి ఒడిలో కాక, తరగతి గదిలో నేర్చుకుంటారు. మాట్లాడని భాషను తమదిగా చెప్పుకోవడం కేవలం ఆడంబరం కాదా అని కొందరు సందేహించవచ్చు. కాని, అనాయాసంగా లభించిన దానిపై మమకారం సహజం. ప్రయత్నించి తిరిగి సంపాదించుకున్న దానిపై కలిగేదే నిజమైన అభిమానం. ముత్తాత పాడిన పాటకు అర్థం తెలుసుకోవడానికి అక్షరాలు దిద్దే బాలుని శ్రమలో ఆడంబరానికి తావులేదు.

ఈ అభిమానం పరద్వేషంగా మారలేదనడం గమనార్హం. దీపావళి, ఈద్, క్రిస్మస్, చైనావారి వసంతోత్సవం మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినాలే. తెలుగువాడుగా గర్వించేవాడు మారిషస్ పౌరుడుగానూ గర్విస్తాడు. ఒకటి వేరు, మరొకటి కొమ్మ. వేరును ప్రేమించడం కొమ్మకు ద్రోహం కాదు.

ఈ చరిత్ర జనగామ జిల్లాలోని చిల్పూరు వంటి గ్రామాల విద్యార్థులకు పరాయిది కాదు. సంస్కృతానికే పండితాదరణ ఉన్న రోజుల్లో జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణం రచించిన సోమనాథుని పాలకుర్తి ఆ జిల్లాలోనిదే. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన బమ్మెర కూడా అక్కడిదే. అంతటి సంపద నడుమ పుట్టినవారు చదువుకో, కొలువుకో నగరాలకు, విదేశాలకు వెళ్లినప్పుడు తమ యాసను పలకడానికి సంకోచిస్తే, అది ఎవరో విధించిన శిక్ష కాదు. తమంతట తాము చేసుకున్న నష్టమే. అయిదు రూపాయల కూలీకి లేని సంకోచం నేటి చదువరికి ఎందుకు ఉండాలి?

వారసత్వం ఆస్తి వలె దానంతట అదే సంక్రమించదు. ప్రతి తరమూ దానిని నేర్చుకొని, ఆచరించి, తరువాతి తరానికి అందించాలి. చెరకు తోటల చీకటిలో దీపం వెలిగించిన ఆ నిరుపేదలు లోకానికి అందించిన పాఠం ఇదే.

అభ్యాసం

1. మారిషస్ తెలుగువారు తమ సంస్కృతిని నిలుపుకున్న తీరును వివరించండి.
2. ఒప్పంద కూలీల జీవన స్థితిగతులను తెలపండి.
3. 'వేరును ప్రేమించడం కొమ్మకు ద్రోహం కాదు' - ఈ వాక్యాన్ని సందర్భసహితంగా విశదీకరించండి.
4. మీ ప్రాంతపు యాసలోని అయిదు పదాలను సేకరించి, వాటి అర్థాలను పెద్దలనడిగి రాయండి.