కంటి కొలత

"బారెడు పొద్దెక్కింది" అనడం తెలుగువారి అలవాటు. కాలాన్ని సైతం దూరంతో కొలిచిన నుడికారమిది. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. మూర అంటే ఒకటిన్నర అడుగు, బార అంటే ఆరడుగులు. కొలబద్ద దొరకని చోట పూర్వులకు దేహమే కొలబద్ద అయింది. ఈ పాత విద్యతో ఆధునిక యంత్రమొకటి మళ్ళీ పని కల్పించుకొన్నది. అదే చిన్న ఫిల్ము కెమెరా.

1966లో జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగిన ఫోటోకినా ప్రదర్శనలో రోలై 35 అనే కెమెరా వెలువడింది. దీని రూపశిల్పి హైంజ్ వాస్కె. అరచేతిలో ఇమిడే ఈ కెమెరాలో దూరాన్ని కొలిచే సాధనం లేదు. కటకం చుట్టూ 0.9 మీటరు నుండి అనంతం వరకు అంకెలు మాత్రం ఉంటాయి. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూసేవాడే అంచనా కట్టి, ఆ అంకెకు కటకాన్ని తిప్పవలసి ఉంటుంది. వ్యూఫైండర్‌లో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి కనుక పొరపాటు జరిగినా ఆ క్షణంలో తెలియదు.

దూరానికీ స్పష్టతకూ గల సంబంధం గ్రహించదగినది. ఈ కెమెరా కటకానికి 40 మిల్లీమీటర్ల నాభ్యంతరం కలదు. అటువంటి కటకాన్ని మొత్తంగా ముందుకు జరిపే ఏర్పాటులో, అనంతం నుండి 3 మీటర్లకు రావడానికి సుమారు అర మిల్లీమీటరు జరిపితే చాలు. 3 మీటర్ల నుండి 0.9 మీటరుకు రావాలంటే మరో 1.3 మిల్లీమీటర్లు జరపాలి. అందువల్ల దూరపు వస్తువుల విషయంలో పెద్ద పొరపాటు కూడా చెల్లిపోతుంది. దగ్గరి వస్తువుల విషయంలో చిన్న పొరపాటు కూడా చెల్లదు.

పొరపాటును కొంతవరకు కాపాడేది కటక ద్వారం. ద్వారాన్ని కుదించే కొద్దీ స్పష్టతా పరిధి పెరుగుతుంది. మండుటెండలో 100 వేగం గల ఫిల్ముకు ఎఫ్ 11 ద్వారం, సెకనులో 250వ వంతు కాలం సరిపోతాయి. అప్పుడు 3 మీటర్లకు అమరిస్తే దాదాపు 1.9 నుండి 7.7 మీటర్ల వరకు బొమ్మ తేటగా వస్తుంది. వెలుగు తగ్గినప్పుడు ద్వారాన్ని ఎఫ్ 3.5 వరకు పూర్తిగా తెరవక తప్పదు. అప్పుడు బారెడు దూరంలోని ముఖానికి దక్కే పరిధి ముందుకొక జానెడు, వెనుకకొక జానెడు మాత్రమే.

ఊరికి వచ్చిన మనవడు సాయంవేళ వసారాలో కూర్చున్న అమ్మమ్మను ఫోటో తీశాడనుకొందాం. ఆమె ఉన్నది బారెడు దూరంలో. అతడు కెమెరాను అమర్చినది 3 మీటర్లకు. రీలులోని 36 ఫోటోలు పూర్తయి, దానిని కడిగించేసరికి నెలలు గడుస్తాయి. చేతికి వచ్చిన చిత్రంలో వెనుక గోడమీది క్యాలెండరు అంకెలు స్పష్టంగా ఉంటాయి, అమ్మమ్మ ముఖం మసకబారి ఉంటుంది. దూరపు కొండలు అంచనా తప్పినా క్షమిస్తాయి. ఆత్మీయుల ముఖాలు దగ్గరగా ఉంటాయి. తప్పు బయటపడేదీ అక్కడే.

ఈ విద్య సాధనవల్ల అలవడుతుంది. ముందుగా ఒక వస్తువును చూసి దూరం ఎంతో మనసులో చెప్పుకోవాలి. ఆ తరువాతనే టేపుతో కొలవాలి. కొలిచిన తరువాత ఊహించడం సాధన కాదు. బార, బారన్నర, రెండు బారల దూరాలు కంటికి పట్టుబడే వరకు దీనిని కొనసాగించాలి. మనిషి ఎత్తు కూడా తోడ్పడుతుంది. ఈ కెమెరాను నిలువుగా పట్టినప్పుడు అయిదున్నర అడుగుల మనిషి పాదాల నుండి తల వరకు చట్రం నిండా కనిపిస్తే, అతడు దాదాపు బారెడు దూరంలో ఉన్నట్లు. అడ్డంగా పట్టినప్పుడు అలాగే నిండితే దూరం బారన్నర. కుర్చీలో కూర్చున్నవారికి ఈ లెక్క వర్తించదు. అక్కడ చాచిన చేతిని, వేసిన అంగను నమ్ముకోవడమే మేలు.

తరువాతి కాలపు కెమెరాలు ఈ భారాన్ని తగ్గించాయి. 1980లో జపానునుండి వచ్చిన ఒలింపస్ ఎక్స్‌ఏ 2లో అంకెలకు బదులు దగ్గరకు, మధ్యకు, దూరానికి మూడు గుర్తులు చాలినవి. అనంతరం దూరాన్ని తామే కొలుచుకొనే కెమెరాలు వ్యాపించాయి. అయినా ఫిల్ముపై మక్కువతో పాత కెమెరాలను చేపట్టేవారు నేటికీ ఉన్నారు. మీట నొక్కే ముందు, ఎదుటి మనిషి తనకు ఎంత దూరంలో ఉన్నాడని వారు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. చిత్రం తేటపడడానికి ఆ ఒక్క క్షణమే ఆధారం.

కఠిన పదాలు – అర్థాలు

నుడికారం = పలుకుబడి
కటకం = కెమెరాలో కాంతిని కూడదీసే గాజు భాగం
నాభ్యంతరం = కటక కేంద్రం నుండి నాభి వరకు గల దూరం
అంగ = ఒక అడుగు నుండి మరో అడుగు వరకు వేసే దూరం

ప్రశ్నలు

1. దగ్గరి వస్తువుల విషయంలో దూరపు అంచనా తప్పకూడదనడానికి గల కారణాలను వివరించండి.
2. కంటి కొలతను అలవరచుకొనే విధానాన్ని తెలపండి.
3. "కొలిచిన తరువాత ఊహించడం సాధన కాదు" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.