గాలం వేసే రోజు టిఫిన్ బాక్సులో ఏం పెడదాం?



సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతయ్యతోనో, బాబాయితోనో చెరువుగట్టుకు వెళ్లి గాలం వేయడం పిల్లలకు ఎంతో సరదా. చేప పడినా పడకపోయినా ఆకలి మాత్రం తప్పదు! అక్కడ దుకాణం ఉండదు, కుళాయి ఉండదు, నీడ కూడా అంతంతమాత్రమే. ఇంటి నుంచి తీసుకెళ్లిందే ఆధారం. అందుకే బ్యాగు సర్దేముందు ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

1. గడియారం చూసి వండండి

ఉదయం 5 గంటలకు వండింది మధ్యాహ్నం 12కు తింటే మధ్యలో 7 గంటలు గడుస్తాయి. సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య త్వరగా పెరుగుతాయి. అందుకే వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు గంటకు మించి ఉంచకూడదు. అన్నంతో మరింత జాగ్రత్త అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు ఉడికించినా చావవు. అన్నం చాలాసేపు గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా అది పోదు.

చింతపండు పులుపు వల్ల పులిహోర మామూలు అన్నం కంటే నయమే. అయినా పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, ఐస్ బాక్సులోనే పెట్టండి. పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, మజ్జిగ కూడా అందులోనే ఉండాలి. ఐస్ బాక్సు లేకపోతే జంతికలు, మరమరాలు, నువ్వుండలు, అరటిపండ్లు, కమలాలు చాలు. జామకాయలను ఇంట్లోనే కడిగి, అక్కడ తినేముందు కోయండి. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం పల్లీలు, పల్లీ చిక్కీ వద్దు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

2. దాహం వేయకముందే తాగించండి

గాలం మీద ధ్యాసలో పిల్లలు నీళ్ల సంగతే మరచిపోతారు. ప్రతి 20 నిమిషాలకు నాలుగు గుక్కలు తాగించండి. ముందురోజు రాత్రి ఒక బాటిల్‌ను ముప్పావు వంతు నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకడితే నీరు వ్యాకోచిస్తుంది కాబట్టి నిండుగా పోయవద్దు. ఐస్ బాక్సులో అది ముందు మంచుగడ్డగా, తర్వాత తాగేనీరుగా పనికొస్తుంది.

వాంతులు, విరేచనాలు మొదలైతే వాడటానికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ వెంట ఉంచుకోండి. లీటరు నీటికి కలపాల్సిన ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరులోనే కలపాలి, సగం సగం వాడకూడదు. తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది.

3. ఎర ముట్టిన చేతులు

వానపాములు, చేపలు, చెరువు మట్టి ముట్టిన చేత్తో బిస్కెట్ తింటే సమస్య కడుపులోకే వెళ్తుంది. మట్టి చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, చేతులు కడగడానికి విడిగా ఒక క్యాన్ నీళ్లు తీసుకెళ్లండి. పట్టిన చేపలకు వేరే డబ్బా, వేరే ఐస్ ఉండాలి. చేపల దగ్గరి ఐస్‌ను పానీయాల్లో వేయవద్దు.

4. భోజనం వేళ నీటి మీద కన్ను

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డబ్బాలు విప్పి, ప్లేట్లు సర్ది, వడ్డించే ఆ కాసేపట్లోనే పెద్దల చూపు పిల్లల మీద నుంచి తప్పుతుంది. నీటిలో జారిన పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. కాబట్టి వడ్డించేవారు ఒకరు, పిల్లలను చూసేవారు మరొకరు ఉండాలి. ఎవరికి వారికి విడి డబ్బాల్లో సర్దితే వడ్డించే పనే తగ్గుతుంది. గట్టుకు దూరంగా, చెట్టు నీడలో కూర్చుని తినండి.

పిల్లలతో చేయించండి: ఒకే రకం స్టీలు బాటిళ్లు రెండింటిలో ఒకే నీళ్లు నింపి నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. ఒకదానికి తడి నూలుగుడ్డ చుట్టండి. గంట తర్వాత ఏది చల్లగా ఉందో, ఎందుకో సైన్స్ నోట్‌బుక్‌లో రాయమనండి. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో, ఉక్కపోత రోజున అంతగా ఎందుకు చల్లబడవో వాళ్లే మీకు చెబుతారు.