పొద్దు గూకకముందే మజిలీ: ఆర్‌వీ ఎక్కబోయే కొత్తవాళ్లకు

ముదిగొండ వైపు నుంచి గూడు బండ్లు కట్టుకుని భద్రాద్రి రాముడి కల్యాణానికి పోయిన తరం దాదాపుగా వెళ్లిపోయింది. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా కిన్నెరసాని దాటి గోదావరి ఒడ్డుకు 120 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎద్దుల నడకకు నాలుగైదు రోజులు. భద్రాచలం దగ్గర వంతెన 1965లో వచ్చింది. అంతకుముందు బండ్లు ఇవతలి ఒడ్డునే విప్పి పడవ ఎక్కాల్సిందే. బియ్యం మూట, పచ్చడి జాడీ, వంట గిన్నెలు, పడక, ఎద్దులకు గడ్డి, అడుగున వేలాడే లాంతరు, అన్నీ బండిలోనే. ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మనవాళ్లకు కొత్తేమీ కాదు.

ఇప్పుడు ఆ ఊళ్ల పిల్లలే డాలస్‌లోనో, నార్త్ కరోలినాలోని కేరీలోనో కాపురం పెట్టి, అమ్మానాన్నలు ఇండియా నుంచి రాగానే ఆర్‌వీ అద్దెకు తీసుకుంటున్నారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం ఉన్న బండి. మామూలు డ్రైవింగ్ లైసెన్సుతోనే నడపొచ్చు కాబట్టి ధైర్యంగా ఎక్కేస్తారు. బయల్దేరే ముందు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఎలుగుబంట్లు వస్తాయా, దొంగలు పడతారా? అడగాల్సినవి అవి కాదు. ఈ దేశంలో క్యాంపింగ్‌కు పోయినవాళ్ల ప్రాణాలు ఎక్కువగా నీళ్ల దగ్గరా, రోడ్డు మీదా పోతాయి.

బండ్ల కాలంలో ఎవరూ చెప్పకుండానే పాటించిన పద్ధతి ఒకటుంది. ఒంటిబండి అడవి దారి పట్టదు, పొద్దు గూకకముందే బండి విప్పుతారు. వెలుతురుండగానే బావి ఎక్కడుందో, నేల ఎటు వాలుగా ఉందో, ఎద్దుల్ని ఎక్కడ కట్టాలో చూసుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పల్లకీలు, డేరాలు, పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ తర్వాత మజిలీగా బస ఉందా, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎలా ఉందీ అని రాసుకుంటూ పోయారు. మీరు క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు చూడాల్సినవీ అవే. నేషనల్ పార్కుల్లో పేరున్న క్యాంప్‌గ్రౌండ్లకు చాలాచోట్ల ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. దొరికిన చోటికి సాయంత్రం నాలుగింటికల్లా చేరేలా లెక్క వేసుకోండి. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరి రాత్రి పదకొండింటికి చేరే ప్రయాణం కారులో పర్వాలేదేమో గానీ, పాతిక అడుగుల బండిని చీకట్లో చెట్ల మధ్య వెనక్కి పెట్టడం మొదటిసారి నడిపేవాళ్ల పని కాదు.

నీటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏటి ఒడ్డున ఉన్న సైటుకే గిరాకీ ఎక్కువ, ఫొటోలు బాగా వస్తాయి కదా. 1976 జూలై 31 రాత్రి కొలరాడోలోని బిగ్ థాంప్సన్ లోయలో ఎగువన కురిసిన వానకు 140 మందికి పైగా కొట్టుకుపోయారు. వారాంతం సరదాగా గడపడానికి వచ్చినవాళ్లు అందులో ఎందరో. వరదొస్తే కారు వదిలేసి గట్టెక్కండి అని లోయ దారుల్లో బోర్డులు పెట్టింది ఆ తర్వాతే. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవనుకుందాం. 2025 జూలై 4 నాటికి ఉన్నాయి. ఆ తెల్లవారుజామున టెక్సస్ హిల్ కంట్రీలో గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో సుమారు 26 అడుగులు పెరిగింది. ఒడ్డున ఉన్న ఆర్‌వీ పార్కుల్లో బండ్లకు బండ్లే మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఆ వరదల్లో రాష్ట్రం మొత్తమ్మీద 130 మందికి పైగా చనిపోయారు. వాతావరణ శాఖ హెచ్చరిక రాత్రి 1.14కే వచ్చింది. కానీ అది అందరూ గాఢనిద్రలో ఉండే వేళ, సిగ్నల్ సరిగ్గా అందని కొండ ప్రాంతం.

డాలస్ తెలుగువాళ్లు లాంగ్ వీకెండ్ అనగానే పోయేది ఆ వైపుకే. అందుకని సైటు ఎత్తయిన చోట తీసుకోండి, ఏరు చూడాలంటే పొద్దున నడిచి వెళ్లొచ్చు. ఫోన్లో ప్రభుత్వ ఎమర్జెన్సీ అలర్ట్‌లను ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి. సిగ్నల్ లేని చోటికి బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో పట్టుకెళ్లండి, చవకలోనే వస్తుంది. బండి చక్రాలు నీళ్లలో ఉన్నాయంటే దాన్ని కదిలించే ప్రయత్నం చేయొద్దు. దిగి మిట్టకు నడవండి. అద్దె బండి పోతే ఇన్సూరెన్సు చూసుకుంటుంది. ఆ ఇన్సూరెన్సు మాత్రం బయల్దేరేముందే తీసుకోండి. మీ కారు పాలసీ, క్రెడిట్ కార్డు కవరేజీ ఆర్‌వీకి చాలాసార్లు వర్తించవు.

ఈత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2024 మే నెలలో ఆరిజోనాలోని ఫాసిల్ క్రీక్ జలపాతం దగ్గర ఇద్దరు తెలంగాణ విద్యార్థులు మునిగిపోయారు. ఏటా ఇలాంటి వార్త ఒకటైనా వస్తూనే ఉంది. ఊరి బావిలో ఈత నేర్చినవాళ్లకు మంచు కరిగిన నీళ్ల సంగతి తెలియదు. దూకిన క్షణంలోనే ఊపిరి పట్టేస్తుంది, కాళ్లూ చేతులూ మాట వినవు. లైఫ్ జాకెట్ వేసుకుంటే నామోషీ ఏమీ లేదు.

రెండోది బండి ఎత్తు. డర్హమ్‌లో గ్రెగ్సన్ వీధి మీద ఒక రైలు వంతెన ఉంది, కేరీ, మోరిస్‌విల్ మనవాళ్లకు బాగా తెలిసిందే. 11 అడుగుల 8 అంగుళాల ఎత్తుతో ఎన్ని అద్దె ట్రక్కుల, ఆర్‌వీల పైకప్పులు చీరేసిందో లెక్కలేదు. 2019లో దాన్ని ఎనిమిది అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాతా బండ్లు తగులుతూనే ఉన్నాయి. అద్దె ఆర్‌వీ పైన ఏసీతో కలిపి దాదాపు 12 అడుగులు ఉంటుంది. రోజూ కారు తోలే మనిషికి తల మీద అంత ఎత్తుందన్న ధ్యాసే ఉండదు. ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. గూగుల్ మ్యాప్స్ దారి చూపేటప్పుడు మీ బండి ఎత్తు చూసుకోదు. ఆర్‌వీల కోసం చేసిన జీపీఎస్ వాడండి. పొడవుకూ హద్దులున్నాయి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. అద్దెకిచ్చే వాటిలో చాలామటుకు అంతకంటే పొడవే.

మలుపు తిప్పేటప్పుడు బండి తోక అవతలి వైపుకు ఊగుతుంది, గ్యాస్ స్టేషన్ స్తంభాలు విరిగేది అందుకే. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి, డ్రైవరు అద్దంలో కనిపించే చోట నిలబడాలి. ‘రానీ, రానీ’ అని బండి వెనక్కి పోయి అరిస్తే లాభం లేదు. వాళ్లు కనిపించకపోతే డ్రైవరు ఆపేయాలి. ఇక నడుస్తున్న బండిలో నాన్నకు టీ పెట్టిద్దామని అమ్మను లేపకండి. డ్రైవరు నెత్తిమీది బెర్తులో పిల్లలు ఎక్కి కూర్చోవడం చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒక్క బ్రేకు వేస్తే చాలు, నేరుగా ముందు అద్దం మీదికొస్తారు. బండి కదిలితే అందరూ బెల్టుల్లో ఉండాలి, గ్యాస్ సిలిండరు కట్టేసి ఉండాలి.

గ్యాసంటే ఇంకో మాట. ప్రొపేన్ లీకైతే వాసన వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఏదీ లేదు. చలి వేస్తోందని డేరాలోకి బొగ్గుల గ్రిల్ తెచ్చి పెట్టుకున్నవాళ్లు నిద్రలోనే పోయిన కేసులు ఈ దేశంలో ఉన్నాయి. జనరేటరు నడుస్తుండగా పడుకోకండి. బండి తీసుకునేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగించి చూపించమనండి, దాని మీది గడువు తేదీ కూడా చదవండి. దేవుడికి దీపం, అగరొత్తి బండి బయట రాయి మీద పెట్టండి, డేరాలో వద్దు. అడవుల్లో నిప్పు నిషేధం ఉన్న రోజుల్లో బయటా వద్దు.

మరి ఎలుగుబంట్లు? వస్తాయి, మీ కోసం కాదు, మీ ఆవకాయ కోసం. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో తిండి వదలకూడదు, ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. ఆర్‌వీలోనైతే కిటికీలు, తలుపులు బిగించి కనపడకుండా ఉంచాలి. తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా. టూత్‌పేస్టు, కొబ్బరినూనె కూడా ఆ పెట్టెలోకే. ఎలోస్టోన్‌లో ఎలుగుకు 100 గజాలు, అడవిదున్నకు 25 గజాల దూరం పాటించాలి. అక్కడ ఎక్కువమందిని గాయపరిచింది ఎలుగు కాదు, బర్రెలా నిదానంగా మేస్తూ కనిపించే ఆ దున్నే.

మురుగు ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు చేతులకు గ్లౌజులు తప్పవు. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత స్నానం నీళ్లది. ఆ పైపు, తాగునీటి పైపు ఒకే అరలో పెట్టకండి. జాతరల్లో గత్తర ఎలా పాకిందో మన ముసలమ్మలు చెప్పగా విన్నవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

చివరికి కాగితాలు. టెక్సస్‌లోని బిగ్ బెండ్ పార్కు నుంచి ఉత్తరంగా వచ్చే దారుల్లో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి, మెక్సికోలోకి అడుగు పెట్టకపోయినా ఆపి అడుగుతారు. 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువు దగ్గర ఉంచుకోవాలని చట్టమే ఉంది. పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు, హెచ్-1బి వాళ్లయితే ఐ-797, విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నల కాగితాలు, వాళ్ల బీపీ, షుగరు మందుల చీటీ ఒకే కవరులో పెట్టండి. క్యాంప్‌గ్రౌండ్ పేరు, సైటు నంబరు, తిరిగొచ్చే రోజు ఊళ్లో ఉండే స్నేహితుడికి మెసేజ్ చేయండి. సైటు నంబరు తలుపు లోపలి వైపు కూడా రాసి అంటించండి. 911కి ఫోన్ చేయాల్సి వస్తే మొదట అడిగేది మీరెక్కడున్నారనే. అడ్రసు లేని అడవిలో అమ్మ ఆ ఒక్క ముక్క చదివి చెబితే చాలు.