సముద్రము దాటిన సేవ ఏ పురుషార్థము?



ధర్మార్థకామమోక్షములు పురుషార్థములని మనమెరుగుదుము. జీవితలక్ష్యమేమని నేటి యువకులనడిగినచో పెక్కుమంది అర్థకామములనే చెప్పుదురు. వానిని కోరుట దోషము కాదు. కాని పూర్వులు వానికి ఒకవైపు ధర్మమును, మరొకవైపు మోక్షమును నిలిపినారు. గట్లు నిలిచినంతవరకే కాలువనీరు చేనుకు మేలు చేయును. గట్టు తెగినచో ఆ నీరే చేనును ముంచును. కృష్ణాడెల్టా రైతులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఉద్యోగమున చేరుటకు ముందు ఒక సంవత్సరము విదేశమున స్వచ్ఛందసేవ చేయగోరిన విద్యార్థి ఒకడు, "మాస్టారూ, సముద్రము దాటుట శాస్త్రవిరుద్ధమంటారు కదండీ! సేవ కోసం వెళ్ళినా తప్పేనా?" అని అడిగినాడు. ఈ సందేహము పలువురికి కలుగవచ్చును గనుక సమాధానమును ఇచట వ్రాయుచున్నాను.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన మాట నిజము. దానిని దాచనక్కరలేదు. నిత్యకర్మలకు, ఆచారమునకు లోపము కలుగునను భయమే అందుకు కారణమని పెద్దలు చెప్పుదురు. అయినను మన సీమవారు సముద్రమును విడువలేదు. అవనిగడ్డకు చేరువనున్న ఘంటసాల పూర్వము కంటకసేల అను పేర వర్ధిల్లిన వర్తకస్థానము. టోలెమీ భూగోళగ్రంథము సైతము దానిని పేర్కొన్నది. మచిలీపట్నపు రేవు సంగతి లోకవిదితమే. అర్థమునకై సముద్రము దాటుటను అంగీకరించిన మనము, ధర్మమునకై దాటువానిని ఆక్షేపించుట న్యాయమా?

దేవ, ఋషి, పితృ ఋణములు మూడని సాధారణముగా చెప్పుకొందుము. శతపథబ్రాహ్మణము నాలుగవదిగా మనుష్యఋణమును కూడ చెప్పినది. ఆశ్రయమిచ్చుట, అన్నము పెట్టుట ఆ ఋణము తీరు మార్గములు. ఈ మాటకు అర్థము దివిసీమకు 1977 నవంబరు 19న తెలిసినది. ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకొన్న పిమ్మట రామకృష్ణ మిషన్ సేవకులు వచ్చినారు. ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు జోలె పట్టి విరాళములు సేకరించినారు. విదేశములనుండియు సాయమందినది. అన్నము పెట్టినవారెవరును మన కులగోత్రములు అడుగలేదు. ఆ ఋణము నేటికిని మన నెత్తిపై నున్నది. ఇచ్చినవారికే తిరిగి ఇయ్యలేము. ఆపదలోనున్న మరియొకరికి చేసినప్పుడే అది తీరును.

ఇక ఫలము మాట. తగిన దేశకాలములయందు, పాత్రునకు, ప్రత్యుపకారము కోరక ఇచ్చునది సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయము బోధించును. ఫలమునాశించి ఇచ్చునది రాజసము. ఫోటోల కొరకు, ప్రశంసాపత్రముల కొరకు చేయు సేవ రాజసమే యగును. అమెరికాలో 2007 నుండి సిలికానాంధ్ర మనబడిలో వారాంతపు విశ్రాంతిని విడిచి పిల్లలకు తెలుగు నేర్పుచున్న స్వచ్ఛంద ఉపాధ్యాయులను చూడుడు. పరాయిగడ్డపై ఒక పసివాడు "అమ్మ" అని తప్పులేకుండ వ్రాసిననాడు వారికి కలుగు తృప్తిని ఏ జీతముతో కొలువగలము? చిత్తశుద్ధియే సేవాఫలము, అదియే మోక్షమునకు తొలిమెట్టు.

విదేశసేవకు బయలుదేరువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇంట వృద్ధులైన తల్లిదండ్రులకు ఆధారమున్నదా? నాకు వచ్చిన పని అక్కడివారికి నిజముగా అవసరమా? ఇదే సేవను మా ఊరిలో, ఎవరును చూడనిచోట చేయుదునా? మూడింటికిని మనస్సు "ఔను" అన్నచో నిశ్చింతగా పోవచ్చును. సంధ్యావందనమునకు అక్కడను సూర్యుడున్నాడు. మూడవదానికి "కాదు" అన్నచో, ముందు మన ఊరి ఆసుపత్రి గుమ్మమున కొన్నాళ్ళు సేవ చేసి, పిమ్మట ప్రయాణము సంగతి ఆలోచింపవలెను.

శుభం భూయాత్.