లెక్క వేసుకున్నాకే ఇల్లు ఖాయం చేసుకో

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

అల్లుడికి బదిలీ అయిందని, ఏప్రిల్ మొదటి వారానికల్లా బెంగళూరు నుంచి బెజవాడ వచ్చేస్తున్నారని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఏసీకి నెలకు ఏడెనిమిది వందలు అదనంగా వేసుకుంటే సరిపోతుందా అని నువ్వు అడిగావట. సరిపోదమ్మా. ఎంతవుతుందో, ఎందుకవుతుందో వివరంగా రాస్తున్నాను. కరెంటు శాఖలోనే సర్వీసంతా చేసినవాడిని, ఈ బిల్లుల లెక్క నాకు కొట్టిన పిండి.

ముందు బెంగళూరు లెక్క మర్చిపో. ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఎండాకాలంలోనూ చాలా రాత్రులు ఫ్యానుతో గడిచిపోతాయి. అక్కడి ప్రభుత్వ గృహజ్యోతి పథకం వల్ల 200 యూనిట్లలోపు వాడుకునే చాలా ఇళ్లకు బిల్లే రాదు. అది వర్తించని ఇళ్లకు కూడా యూనిట్‌కు ఒకటే రేటు. మన దగ్గర శ్లాబులు. 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కణ్నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. వచ్చాక కొత్త టారిఫ్ ఏమైనా వచ్చిందేమో ఒకసారి చూసుకో, పద్ధతి మాత్రం ఇదే.

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, వాషింగ్ మిషన్ కలిపి మీ ఇంట్లో నెలకు 150 యూనిట్లు కాలుతాయనుకో. ఎనర్జీ ఛార్జీ 567 రూపాయలు. అంటే సగటున యూనిట్ నాలుగు రూపాయల లోపే. ఏసీకి ఇంకో 200 యూనిట్లు వేసి, దాన్ని నాలుగుతో గుణించి, ఎనిమిది వందలని తేల్చేస్తారు. నువ్వూ అలాగే వేసుంటావు. కానీ చవక యూనిట్లన్నీ ఫ్రిజ్జూ ఫ్యాన్లూ అప్పటికే వాడేసుకుంటాయి. ఏసీ యూనిట్లు వాటి మీద వచ్చి పడతాయి. అందులో 75 యూనిట్లు ఆరు రూపాయల శ్లాబులో, మిగిలిన 125 యూనిట్లు 8.75 శ్లాబులో లెక్కకొస్తాయి. మొత్తం 350 యూనిట్లకు 2,111 రూపాయలవుతుంది. ఏసీ వాటా 1,544, అంటే నువ్వు అనుకున్నదానికి దాదాపు రెట్టింపు. దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీలు, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి.

ఆ 200 యూనిట్లు ఎక్కణ్నుంచి వచ్చాయంటావా? టన్నున్నర ఏసీ నిండా పనిచేసేటప్పుడు గంటకు యూనిట్టున్నర దాకా లాగుతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడ్డాక నెమ్మదిస్తుంది. మే నెల రాత్రుళ్లు సగటున గంటకు 0.8 యూనిట్ వేసుకో. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 గంటలు, సుమారు 190 యూనిట్లు. కాస్త పైకి వేసుకోవడం మంచిదని 200 అన్నాను.

ఏసీ మీద అంటించే స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది చూడు. అది 1,600 గంటలకు వేసిన లెక్క. రాత్రికి ఎనిమిది గంటలనుకుంటే 200 రాత్రులు. మార్చి చివర మొదలుపెట్టి, వానలు పడ్డాక కూడా వదలని ఉక్కపోతను కలుపుకుంటే, బెజవాడలో చిన్నపిల్లలున్న ఇంటికి ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. అందుకే ఏడాది ఖర్చుకు లేబుల్‌ని నమ్ము, మే నెల ఖర్చుకు మాత్రం నేను చెప్పినట్టు వేసుకో. త్రీస్టార్‌కీ ఫైవ్‌స్టార్‌కీ ఏడాదికి రెండు వందల పైచిలుకు యూనిట్ల తేడా కనబడితే, దాన్ని 8.75తో గుణించి ధరలో తేడాతో పోల్చు. ఇక్కడ నాలుగైదేళ్లు ఉండేట్టయితే ఫైవ్‌స్టారే కొను.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు ఏసీ కంపెనీల గురించి వాదించుకుంటారు గానీ, బిల్లును పెంచేదీ తగ్గించేదీ చాలా వరకు ఇల్లే. పై అంతస్తులో పోర్షన్ రెండు వేలు తక్కువకు వస్తుందని సంబరపడకు. పైకప్పు పగలంతా పెనంలా కాగి, అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడకు ఆనుకుని పడకగది ఉన్నా ఇంతే. అలాంటి గదిలో ఏసీకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, 0.8 అనుకున్నది 1.2 అయి కూర్చుంటుంది. అద్దెలో మిగిలిన డబ్బులో మంచి భాగం కరెంటుకు పోతుంది, పైగా గది చల్లబడదు. మధ్య అంతస్తులో తూర్పు వైపో ఉత్తరం వైపో పడకగది ఉన్న ఇల్లు చూడండి. పై అంతస్తే తప్పకపోతే, డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటో కనీసం సున్నమో వేయించమని ఓనరుని ముందే అడగండి.

ఇంకో రెండు విషయాలు అల్లుడిని అడగమను. పోర్షన్‌కు విడి మీటరు ఉందా? రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబుకు ఎక్కుతాయి, పొదుపుగా వాడేవాళ్లు కూడా ఆ రేటే కట్టాలి. మీటరు విడిగా లేకపోతే ఆ ఇల్లు వద్దు. రెండోది, ఆ సర్వీసుకు కాంట్రాక్టు లోడ్ ఎంతుంది? ఒక కిలోవాట్ మీద ఏసీ పెడితే తర్వాత అదనపు లోడ్ కట్టమని నోటీసు వస్తుంది. అది ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. సర్వీసు నంబరు తీసుకుని పోయిన ఏడాది మే, జూన్ బిల్లులు కూడా చూడండి. ఏ లెక్కకన్నా అవి నిజం చెబుతాయి.

కూలర్ గురించి అల్లుడు అడిగాడట. పొడిగా వడగాలి కొట్టే మధ్యాహ్నాల్లో పర్వాలేదు, ఉక్కపోతలో మాత్రం గదిలో తేమ పెంచడం తప్ప ఏమీ చేయదు. దానికి డబ్బు పెట్టొద్దు.

ఏసీని 18కి తిప్పితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ జరగదు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని, స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతుంది. 26లో పెట్టి ఫ్యాను తిప్పుకుంటే బాబుకీ హాయిగా ఉంటుంది. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడుక్కో.

ఇంత లెక్క రాసింది నిన్ను బెదరగొట్టడానికి కాదమ్మా. మీ అత్తగారికి డెబ్బై దాటాయి, బాబు ఇంకా చిన్నవాడు. రోహిణి కార్తెలో పగలు 44, 45 దాకా వెళ్లే రోజులుంటాయి. బిల్లు చూసి హడలిపోయి, మధ్యాహ్నం పూట ఆవిడ ఏసీ కట్టేసుకుని ఫ్యాను కింద కూర్చుంటారేమోనని నా భయం. పెద్దవాళ్లు అలాగే చేస్తారు, పైకి చెప్పరు. అందుకే ఆ ఖర్చు కూడా ఇప్పుడే వేసుకో. పగటిపూట ఐదు గంటలకు నెలకు ఇంకో 150 యూనిట్లు, చివరి శ్లాబుల్లో పడతాయి కాబట్టి 1,400 పైమాటే. మొత్తం మీద మే నెలకు నాలుగు వేలు పక్కన పెట్టుకో. ఏసీ ఖర్చు మేము ముందే అనుకున్నదేనని ఆవిడకు నువ్వే చెప్పు.

ఇళ్లు చూడటం మొదలుపెట్టగానే ఒక్కోదాని పాత బిల్లు ఫొటో తీసి నాకు పంపించు. అడ్వాన్సు ఇచ్చేలోపు నేనొకసారి వెళ్లి డాబా ఎక్కి చూసొస్తాను.

మీ మామయ్య