నీటిచుక్కను ఓర్వని కారకం

పదో తరగతి పిల్లలకు మెగ్నీషియం రిబ్బను కాల్చి చూపించే ముందు దాన్ని గరుకు కాగితంతో రుద్దుతాం. "ఎందుకు సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పైనున్న ఆక్సైడు పొర పోతేనే లోహం బయటపడుతుంది. పెద్ద తరగతుల్లో చెప్పే గ్రిగ్నార్డ్ కారకానికీ తొలి మెట్టు ఇదే. (ఫ్రెంచివారు ఆ పేరును గ్రిన్యార్ అని పలుకుతారు.)

మందులు తయారుచేసేవారికి తరచూ ఒక కార్బన్‌ను మరో కార్బన్‌తో కలపాల్సి వస్తుంది. అది తేలిక కాదు. ఈథైల్ బ్రోమైడ్‌లో బ్రోమిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంతో, దాని పక్కనున్న కార్బన్‌కు కొద్దిపాటి ధనావేశం వస్తుంది. కీటోన్లలో ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ పరిస్థితీ అంతే. రెండూ ధనమే అయితే ఒకదాన్నొకటి ఎలా చేరతాయి? కార్బన్‌కూ బ్రోమిన్‌కూ నడుమ మెగ్నీషియం చేరితే లెక్క తిరగబడుతుంది. మెగ్నీషియం ఎలక్ట్రాన్లను వదులుతుంది, కార్బన్ ఋణావేశం వైపు మొగ్గుతుంది. అప్పుడది కీటోన్‌లోని కార్బన్‌ను వెళ్ళి పట్టుకుంటుంది.

అంతకుముందు ఈ పనికి జింకు వాడేవారు. జింకు సమ్మేళనాలు కొన్ని గాలి తగిలితేనే భగ్గున మండేవి. ఫ్రాన్సులోని లియాన్‌లో బార్బియే అనే ఆచార్యుడు 1899లో జింకుకు బదులు మెగ్నీషియం వేసి, అన్నీ ఒకేసారి కలిపి చూశారు. ఫలితం నిలకడగా రాలేదు. ఆ పనిని శిష్యుడు విక్టర్ గ్రిన్యార్‌కు అప్పగించారు. గ్రిన్యార్ మార్చింది వరుసనే: ముందు పొడి ఈథర్‌లో మెగ్నీషియం కారకాన్ని విడిగా తయారుచేసి, ఆ తర్వాతే రెండో పదార్థాన్ని కలిపాడు. ఇది 1900 నాటి మాట. 1912లో సబాత్యేతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. దారి చూపిన గురువుకు అందులో వాటా దక్కలేదన్నది నాకు ఇప్పటికీ వెలితిగానే అనిపిస్తుంది.

"పొడి ఈథర్" అన్న మాటను పిల్లలు పట్టించుకోరు. లెక్క వేయిస్తే తెలుస్తుంది: 24 గ్రాముల మెగ్నీషియంతో చేసిన కారకమంతటినీ పాడుచేయడానికి 18 గ్రాముల నీరు చాలు. ఈథైల్ బ్రోమైడ్‌తో చేసినదైతే ఈథేన్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. అందుకే గాజు పాత్రలను ముందుగా వేడిచేసి ఆరబెడతారు. చర్య మొదలుకాకపోతే చిన్న అయోడిన్ పలుకు వేస్తారు. ఒకసారి అందుకుంటే ఈథర్ మరిగేంత వేడి పుడుతుంది కాబట్టి బ్రోమైడ్‌ను చుక్కచుక్కగా వదలాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ తయారీలోనూ ఈ కారకం వాడతారు. కార్బన్లు రెండూ కలిశాక, అంతవరకూ దూరం పెట్టిన నీటినే కాస్త ఆమ్లంతో కలిపి పోస్తారు. అప్పుడు మెగ్నీషియం విడిపోయి ఆల్కహాల్ బయటికి వస్తుంది.